మూడో రోజు తిరగకలపాలి

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గిన్నెలు కడిగి బోర్లించారు. ఇంటాయన ఆఫీసులో, పిల్లలు కాలేజీలో. ఓ గంట మీ చేతిలో ఉంది. ఆ గంటలో పాత నోటుపుస్తకం ముందేసుకుని నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు మీలో ఎంతమందికుంది? చాలామందికే ఉందని నాకు తెలుసు. ఒకరు వంటలు రాస్తారు. ఒకరు చిట్కాలు రాస్తారు. ఒకరు ఎవరికీ చూపించని కవితలు రాస్తారు. ఇంకొకరు పుట్టింటి సంగతులు రాసి, బీరువాలో చీరల కింద దాచేస్తారు. ఎలా రాయాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, రాసేశాక దాన్నేం చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ముందే చెప్పేస్తాను, నేనేమీ పెద్ద రచయిత్రిని కాను. మాది తెనాలి. ఇంటర్మీడియట్ సీఈసీ పాసయ్యాను, పెళ్ళయింది, చదువు అక్కడితో ఆగింది. ఇరవై ఏళ్ళుగా పత్రికలకి రాస్తున్నాను. వంటలూ చిట్కాలూ ఎక్కువ, వ్యాసాలు తక్కువ, కథలు రెండే రెండు. అచ్చయినవాటికంటే తిరిగొచ్చినవే ఎక్కువ. ఆ తిరిగొచ్చినవన్నీ ఒక సంచీలో దాచాను. ఈమధ్య అటక సర్దుతూ తీసి చదివితే ఎందుకు తిరిగొచ్చాయో నాకే తెలిసిపోయింది. అన్నీ రాసిన రోజే కవరులో పెట్టి అంటించేసినవే!

ఆవకాయ కలిపిన రోజు వేడన్నంలో నంజుకుని మురిసిపోతాం, నిజమే. కానీ అదే రోజు జాడీకి వాసెన కట్టేసి అటక మీద పెట్టేస్తామా? మూడో రోజు మూత తీసి, అడుగు నుంచి తిరగకలిపి, ఉప్పు చూసి, చాలకపోతే వేసి, నూనె తేలిందో లేదో చూసుకుంటేగాని మన మనసు ఊరుకోదు. ఏడాది పొడుగునా నిలవుండాల్సింది కదా మరి. అచ్చులోకి వెళ్ళేది కూడా నిలవుండేదే. ఆ మూడో రోజు పని గురించే నేను చెప్పబోయేది.

బూజు పట్టిన ఆవకాయ

2006 వేసవిలో ఒక పత్రికకి ఆవకాయ పెట్టే విధానం రాసి పంపాను. ఒక్క పూటలో రాశాను. నాలుగుసార్లు చదువుకున్నాను. తప్పుల్లేవనుకున్నాను. అచ్చయింది! ఆ పుస్తకం పట్టుకుని వీధి వీధంతా తిరిగాను. నెల్లాళ్ళకి పత్రికవాళ్ళ ద్వారా నాకో ఉత్తరం వచ్చింది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి. భర్త ఉద్యోగరీత్యా నాగపూర్‌లో కాపురం. అత్తగారికి మొదటిసారి తన చేతి ఆవకాయ రుచి చూపించాలని ఐదు కిలోల కాయలు తెప్పించి, నేను రాసింది రాసినట్టే పెట్టిందట. పదిహేను రోజులకల్లా జాడీలో బూజు. "మీరు చెప్పినట్టే చేశానండీ. నేనెక్కడ పొరపాటు చేశానో కాస్త చెప్పగలరా?" అని అడిగింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

పత్రిక తీసి చూసుకున్నాను. "కాయలు శుభ్రంగా కడిగి, ముక్కలు కొట్టించి, జీడి తీసి, ఆవపిండి, కారం, ఉప్పు కలిపి..." అని ఉంది. కడిగిన కాయల్ని పొడిగుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాలన్న మాటే లేదు. జీడితోపాటు లోపలి పొర తీసి ముక్క ముక్కా తుడవాలన్నదీ లేదు. పచ్చడికి తడి తగిలితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. నాకు తెలుసు కాబట్టే రాయలేదు. మరి నాలుగుసార్లు చదివినప్పుడు ఎందుకు కనపడలేదు? చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు మా పెరట్లో మంచం మీద పరిచిన కాయలు కనిపిస్తూనే ఉన్నాయి. అంటే నేను చదివింది కాగితాన్ని కాదు, నా తలలో ఉన్న ఆవకాయని. కాగితం మీద లేనిదాన్ని నా తల నింపేసింది. ఆ అమ్మాయి తలలో మా పెరడు లేదు కదండీ!

ఇంకో పొరపాటు కూడా దొరికింది. ఒకచోట "గ్లాసుడు కారం, గ్లాసుడు ఆవపిండి" అన్నాను. ఉప్పు దగ్గరికొచ్చేసరికి "ముప్పావు కిలో" అన్నాను. గ్లాసుతో కొలిచే ఉప్పు, తూకం వేసే ఉప్పు ఒకటేనా? మెత్తగా దంచిన ఉప్పు గ్లాసుడు తూకం వేస్తే, గ్లాసుడు కారానికి దాదాపు రెట్టింపు తూగుతుంది. ఒకే వంటలో సగం కొలత గ్లాసుల్లో, సగం కిలోల్లో రాస్తే చదివేవాళ్ళు ఏం కావాలి? ఆ గ్లాసు కూడా ఎవరింటి గ్లాసు? మా అమ్మ గిద్దెలు, సోలలు అనేది. నాలుగు గిద్దెలు ఒక సోల అని ఇప్పటి పిల్లలకి తెలియదు గానీ, ఆ కొలత మాత్రం ఏ ఇంట్లోనైనా ఒక్కటే.

ఆ అమ్మాయికి జవాబు రాశాను. పొరపాటు నీది కాదమ్మా, నాది అని. ఐదు కిలోల కాయలూ, నూనే, ఆమె కష్టమూ మాత్రం తిరిగి రావు.

అప్పట్నుంచి వంట రాస్తే నేనొక పని చేస్తున్నాను. వంట రానివాళ్ళ చేతికి కాగితం ఇచ్చి, నోరు మూసుకుని పక్కన నిలబడతాను. మా వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా ఉప్మా చేయించాను. "రవ్వ దోరగా వేయించాలి. పోపు వేసి నీళ్ళు పోయాలి. మరిగాక రవ్వ పోయాలి" అని రాశాను. వాడు రవ్వ వేయించాడు. ఆ రవ్వలోనే పోపు గింజలు వేసి, దాంట్లోనే చెంబుడు నీళ్ళు పోసి, "అమ్మా, మరిగాక మళ్ళీ రవ్వ పోయాలట, ఇంకో డబ్బా ఉందా?" అన్నాడు. నవ్వకండి. వాడిది తప్పు కాదు. "వేయించిన రవ్వ పళ్ళెంలోకి తీసి పక్కన పెట్టుకోవాలి" అని నేను రాస్తేనా? ఆ సాయంత్రం ఇంట్లో అందరం ఆ జావే తాగాం. కాగితం మీద ఒక్క వాక్యం పెరిగింది.

ఎవరు ఎవరితో అన్నారే?

మా అమ్మకి చదువు రాదు. వేలిముద్రే. కానీ వారపత్రిక వచ్చిందంటే సీరియల్ వినకుండా ఉండలేకపోయేది. మా ఊరు రేపల్లె దగ్గర. మధ్యాహ్నంపూట వసారాలో అమ్మ చింతపండు గింజలు తీస్తూనో, మినుములు చేరుగుతూనో కూర్చుంటే, నేను పైకి చదివి వినిపించేదాన్ని. అప్పుడు నాకు పదో ఏడు. అమ్మ ఊరికే వినేది కాదు. మధ్యలో చేట ఆపేసేది. "ఆగు. ఎవరు ఎవరితో అన్నారే ఆ మాట?" అనేది. మళ్ళీ చదివేదాన్ని. అప్పటికీ అర్థం కాకపోతే "ఆ రాసినాయనకే తెలిసుండదు, ముందుకి పో" అనేసేది. ఇంకోసారి, "ఇందాక ఆ పిల్ల బస్సెక్కింది కదా, అప్పుడే ఇంట్లో కాఫీ కలుపుతోందేంటి?" అనేది. నేను విసుక్కునేదాన్ని.

ఇప్పుడు నేను రాసింది నేనే పైకి చదువుకుంటాను. వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని చదువుతాను, లేకపోతే ఈవిడకేమయిందని పక్కింటివాళ్ళు వస్తారు. చదువుతుంటే అమ్మ చేట ఆపే చోటు నాకు తెలిసిపోతుంది. ఓసారి ఇలా రాశాను: "మా అత్తగారు ఎదురింటి పిన్నిగారితో మాట్లాడుతూ, ఆవిడ కోడలికి పని చేతకాదని అన్నారు." బాగానే ఉందనుకున్నాను. పైకి చదివేసరికి గతుక్కుమన్నాను. ఎవరి కోడలికి చేతకాదు? పిన్నిగారి కోడలికా? మా అత్తగారి కోడలికా? మా అత్తగారి కోడల్ని నేనే కదండీ! 'ఆవిడ', 'వాళ్ళు', 'అతను' అనే మాటలతో వచ్చే చిక్కే ఇది. ఒకే వాక్యంలో ఇద్దరు ఆడవాళ్ళుంటే 'ఆవిడ' అనడం మానేసి, వరస పెట్టో, పేరు పెట్టో రాసేయండి. కాస్త మొరటుగా ఉన్నా ఫరవాలేదు.

పైకి చదివితే తెలిసేది ఇంకోటుంది. మన తెలుగులో లేచి, ముగ్గేసి, స్నానం చేసి, దీపం పెట్టి, పాలు కాచి, పిల్లల్ని లేపి అంటూ ఒక్క వాక్యాన్ని పొద్దుట్నుంచి రాత్రిదాకా లాగొచ్చు. మాటల్లో అందంగానే ఉంటుంది. కాగితం మీద ఊపిరాడదు. చదువుతుంటే మీకెక్కడ ఆయాసం వచ్చిందో అక్కడ చుక్క పెట్టి కొత్త వాక్యం మొదలెట్టండి. ఈ మధ్య ఫోనులో చెబుతూ రాయించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. నేనూ చేస్తాను. చేతులకి పిండి అంటుకుని ఉన్నప్పుడు అదెంత సుఖమో! కానీ నా ఫోనయితే చుక్కలు, కామాలు వేయదు. కందిపొడి అంటే 'ఖండి పొడి' అని రాస్తుంది. నోటితో రాసినదాన్ని తప్పకుండా కళ్ళతో దిద్దుకోవాలి.

అక్షర దోషాల గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసినవే. 'అర్థం' అంటే ఒకటి, 'అర్ధం' అంటే సగం. 'కల' వేరు, 'కళ' వేరు. 'వేళ' సమయం, 'వేల' డబ్బు లెక్క. 'పతకం' మెళ్ళో వేస్తారు, 'పథకం' ప్రభుత్వం వేస్తుంది. చేత్తో రాసేవాళ్ళకి 'వ', 'ప' ఒకలాగే పడతాయి. "ఈ వంట సన్నసెగ మీద చేయాలి" అని నేను రాస్తే "ఈ పంట సన్నసెగ మీద చేయాలి" అని అచ్చయింది ఒకసారి. మా ఆడపడుచు భర్త వ్యవసాయదారు. ఇప్పటికీ కనపడితే "ఏ సెగ మీద వేయమంటావమ్మా ఈసారి మినుము?" అని అడుగుతారు. అనుమానం వచ్చిన మాట కింద పెన్సిలుతో గీత గీసుకుని, ఆఖర్న ఒకేసారి నిఘంటువులో చూసుకోండి. మాటమాటకీ ఆగితే రాత నడవదు.

మొదటి కడుగు

బియ్యం కడిగినప్పుడు మొదటి నీళ్ళు తెల్లగా చిక్కగా వస్తాయి. వాటితో అన్నం వండం. పారేస్తాం. నేను రాసే వ్యాసాల్లో మొదటి పేరా ఎప్పుడూ ఆ మొదటి కడుగే. "మానవజీవితంలో ఆహారానికి ఎంతో ప్రాముఖ్యత ఉంది" అని మొదలెట్టేదాన్ని. బీరకాయ పచ్చడికి మానవజీవితం ఎందుకు? అది కొట్టేసి చూస్తే రెండో పేరా నుంచి అసలు సంగతి ఉండేది. మీరు రాసినదాంట్లో మొదటి పేరా మీద అరచెయ్యి పెట్టి మూసి, రెండోది చదివి చూడండి. ఏమీ పోలేదనిపిస్తే ఇంకేం ఆలోచించకండి. కొట్టేసిన దాన్ని చింపకండి సుమా. కడుగునీళ్ళు కుడితిలో పోస్తామా లేదా? నాకు దానికోసమే వేరే నోటుపుస్తకముంది. కొట్టేసిన వాక్యాలన్నీ దాంట్లో ఉంటాయి. వాటిలోంచి తర్వాత రెండు వ్యాసాలు పుట్టాయి కూడా.

అలాగే, మనందరికీ ఒక్కో ఊతపదం ఉంటుంది. నాది 'ఎంతో'. ఎంతో రుచి, ఎంతో ఆనందం, ఎంతో బాధ. రెండు పేజీల్లో పదకొండు లెక్కపెట్టాను. పదీ కొట్టేశాను. మా చెల్లెలిది 'నిజంగా'. నిజంగా, నిజంగా అంటుంటే మిగతావి అబద్ధమేమో అనిపిస్తుంది. ఇక ఆశ్చర్యార్థకాలు... నా బలహీనత మీకీపాటికి తెలిసే ఉంటుంది. తగ్గించుకుంటున్నాను.

ఇదంతా చదివి, 'మాలాంటివాళ్ళకి ఇంత దిద్దుడెందుకు, గొప్పవాళ్ళకయితే ఒక్కసారికే వచ్చేస్తుంది' అనుకుంటారేమో. రాదండీ. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదట 1892లో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. అప్పటికే పేరొచ్చిన నాటకం. అక్కడితో వదిలేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్ళు లేరు. కానీ ఆయన దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, పెంచి, మార్చి, దాదాపు కొత్త నాటకమే అన్నట్టు తిరగరాశారు. అది 1909లో వచ్చింది. మనం ఇవాళ చదివేదీ, చూసేదీ ఆ రెండోదే. మొదటిదాంట్లో చిన్నగా ఉన్న మధురవాణి పాత్ర రెండోదాంట్లో ఎంత ఎదిగిందో! ఒక మనిషిని పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే మొదటిసారి కనపడనిది కనపడిందన్నమాట.

రష్యాలో టాల్‌స్టాయ్ సంగతి చెబితే మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. 'యుద్ధము-శాంతి' నవలని ఆయన 1860ల్లో ఏళ్ళతరబడి రాశాడు. కొట్టేసి, పక్కన గీకి, వాక్యాల మధ్య ఇరికించి, ఎవరికీ అర్థంకాని కాగితాలు అవి. రాత్రిళ్ళు పిల్లల్ని పడుకోబెట్టాక ఆయన భార్య సోఫియా వాటిని శుభ్రంగా తిరగరాసేది. తెల్లారి ఆయన వాటిని మళ్ళీ కొట్టేసేవాడు. ఆవిడ మళ్ళీ రాసేది. నవల పూర్తయ్యేసరికి వాళ్ళకి నలుగురు పిల్లలు. ఆవిడ కూడా డైరీలు రాసుకుంది. వాటిని తిరగరాసిపెట్టేందుకు మాత్రం ఎవరూ లేకపోయారు. నాకయితే నవలకంటే ఆ సంగతే ఎక్కువ గుర్తుంటుంది. మన రాతలకి సోఫియా ఎవరూ ఉండరు. మనమే రాయాలి, మనమే కొట్టేయాలి, మనమే తిరగరాయాలి, ఈలోగా కుక్కరు విజిల్ కూడా మనమే లెక్కపెట్టాలి.

అయితే దోసెని ఊరికే తిప్పుతూ ఉంటే విరిగిపోతుంది. రాత కూడా అంతే. ఒకసారి మా పెద్దమ్మాయి నా వ్యాసం దిద్దుతానని తీసుకుంది. అది డిగ్రీ చదివింది. 'సందేళ' అన్నచోట 'సాయంకాలం' పెట్టింది. 'కూరాడు కుండ' తీసేసింది, ఎవరికీ తెలియదని. 'మా అమ్మ కేకేసింది' అంటే 'మా తల్లిగారు పిలిచారు' అయింది. తప్పొక్కటీ లేదు. మా అమ్మ మాత్రం అందులోంచి లేచి వెళ్ళిపోయింది. మనం మాట్లాడే మాటకి పుస్తకంలో చోటు కావాలనే కదా గిడుగు రామమూర్తిగారు అన్నేళ్ళు పోట్లాడారు! ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. దిద్దేటప్పుడు తప్పుని తీయాలి గానీ మన ఊరిని తీసేయకూడదు. అమ్మాయితో ఆ మాటే చెప్పాను. "అయితే నువ్వే దిద్దుకో" అని మూతి ముడుచుకుంది.

దాచుకున్న వాక్యం

ఇప్పుడు చెప్పబోయేది కాస్త ఇబ్బంది సంగతి. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగాను.

మా అమ్మ 2019లో పోయింది. ఎనిమిది నెలలు మంచంలో ఉంది. పెద్దకర్మ అయ్యి ఇంటికొచ్చిన నాలుగో రోజున అమ్మ గురించి ఐదు పేజీలు రాశాను. ఏడుస్తూ రాశాను. మాతృమూర్తి, త్యాగమయి, కరుణామయి, కొవ్వొత్తిలా కరిగిపోయింది. ఇలాంటి మాటలన్నీ ఉన్నాయి. మా చెల్లెలికి ఫోనులో చదివి వినిపించాను. అది కూడా ఏడుస్తుందనుకున్నాను. అంతా విని, "బాగుందక్కా. కానీ ఇందులో మనమ్మ ఏదీ?" అంది.

కోపం వచ్చింది. పెట్టేశాను. మూడో రోజు తీసి చూస్తే అది అన్నది నిజమే. ఆ ఐదు పేజీలూ ఎవరి అమ్మ గురించి అయినా చదువుకోవచ్చు. మా అమ్మ కరుణామయి ఏమీ కాదు. నూనె గరిటెతో కొలిచి పోసేది. మంచి వడియాలు చుట్టాల కోసం దాచి మాకు విరిగినవి వేయించేది. సీరియల్లో అమ్మాయి ఊరికే ఏడుస్తుంటే "ఓ చెంపదెబ్బ కొట్టి రావే" అని కథలో మనిషికి సలహా ఇచ్చేది. ఇవి రాశాను. కొవ్వొత్తి తీసేశాను. మా ఇంట్లో ఎప్పుడూ కొవ్వొత్తి లేదు, కిరసనాయిలు బుడ్డే.

నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఆఖరి రోజుల్లో అమ్మకి గుక్కెడు మంచినీళ్ళిచ్చే దిక్కు లేకపోయింది." ఇది మాత్రం ఎన్నిసార్లు చదివినా బాగుందనే అనిపించింది. చదివినవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయనిపించింది. పదో రోజు, తలుపు దగ్గరగా వేసుకుని పైకి చదువుతున్నాను. అక్కడికొచ్చేసరికి అమ్మ చేట ఆగింది. "ఎవరు ఎవరితో అంటున్నారే ఆ మాట?"

నిజమే. ఎవరిని అంటున్నాను? అమ్మ ఉన్నది మా అన్నయ్యగారింట్లో. ఎనిమిది నెలలూ వదినే చూసింది. పక్కబట్టలు మార్చింది, తల దువ్వింది, ఒంటికి పుళ్ళు పడకుండా పూటపూటకీ ఒత్తిగిలబెట్టి పౌడరు రాసింది. నేను వెళ్ళింది మూడుసార్లు. మా వాడికి పదో తరగతి పరీక్షలు, మా అత్తగారికి కంటి ఆపరేషను. కారణాలన్నీ నిజమైనవే. ఆ మూడుసార్లలో ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వదిన ఇంట్లో లేదు, రేషను కోసం వెళ్ళింది. అమ్మ నీళ్ళడిగింది. ఆ ఒక్క అరగంటే నా కాగితం మీద 'ఆఖరి రోజులు' అయిపోయింది.

అచ్చయి ఉంటే? వదినకి చదువొచ్చు. ఆ ఊళ్ళో పదిమందికి చదువొచ్చు. ఎనిమిది నెలలు చేసిన మనిషి, తనకి నేను ఇచ్చిన బిరుదు వారపత్రికలో చదువుకునేది. చేతులు చల్లబడ్డాయి. కొట్టేశాను.

కొట్టేస్తే అక్కడ ఖాళీ వచ్చింది. మిగతా వాక్యాలు అతకలేదు. ఆ చోట ఏదో ఉండాలి. మొదట "వదిన ఎంతో సేవ చేసింది" అని రాశాను. అది మొహమాటానికి పెట్టిన పసుపు కుంకుమలా ఉంది. కొట్టేశాను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో అది మాత్రమే రాద్దామనుకున్నాను. మూడు రోజులు పట్టింది నాలుగు వాక్యాలకి. చివరికి ఇలా వచ్చింది: "నేను వెళ్ళేసరికి వదిన రేషను షాపుకి వెళ్ళింది. అమ్మ మంచినీళ్ళడిగింది. గ్లాసు ఎక్కడుంటుందో నాకు తెలియలేదు. ఎనిమిది నెలల్లో అది నేను రావడం రెండోసారి."

ఇది రాయడం అన్నిటికంటే కష్టమయింది. ముందు రాసిన వాక్యం అంత అందంగా ఎందుకు కుదిరిందో అప్పుడు తెలిసింది. అది నా మీదికి రావాల్సినదాన్ని ఇంకొకరి మీదికి తోసింది. మీ రాతల్లో కూడా మీకు మరీ నచ్చిన వాక్యం, పదిమందికీ చదివి వినిపించాలనిపించే వాక్యం ఉంటే, అందులో ఎవరైనా మనిషి ఉన్నారేమో చూడండి. ఉంటే ఆ మనిషి ఎదురుగా కూర్చున్నారనుకుని పైకి చదవండి. గొంతు పెగిలితే ఉంచండి.

ఆ వ్యాసం అచ్చయింది. ఐదు పేజీలు రెండున్నర అయ్యాయి. ఆ సంచిక నేను వదినకి పంపలేదు, ధైర్యం చాలక. సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు చూస్తే దేవుడి గూట్లో పంచాంగం పక్కనే ఉంది. వంటలయ్యాక ఇద్దరం పెరట్లో విస్తరాకులు తుడుచుకుంటూ కూర్చున్నాం. చాలాసేపు ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. ఆఖర్న వదినే అంది.

"గ్లాసు కిటికీలోనే ఉంటుంది అమ్మాయీ. మంచం పక్క కిటికీలో, చీమలు పట్టకుండా గుడ్డ కప్పి పెట్టేదాన్ని. అత్తయ్య చూపు ఎప్పుడూ అటే ఉండేది. నువ్వటు చూడలేదేమో."

ఇంటికొచ్చి నా దగ్గరున్న కాపీలో 'గ్లాసు ఎక్కడుంటుందో నాకు తెలియలేదు' అన్నదాని పక్కన, అంచులో, పెన్సిలుతో రాసుకున్నాను. కిటికీలో. గుడ్డ కప్పి.